రెండో గోల్‌కీపర్ లెక్క

హాకీలో ఫార్వర్డ్‌కి నాలుగైదు చోట్లుంటాయి. కుడివైపు కుదరకపోతే ఎడమవైపు ఆడతాడు, అదీ కాకపోతే మిడ్‌ఫీల్డ్‌లోకి జరుగుతాడు. గోల్‌కీపర్‌కి ఉన్నది ఒక్కటే చోటు. అక్కడ ఒకరు కుదురుకున్నారంటే వాళ్లకు దెబ్బ తగలాలి, లేదా వాళ్లు రిటైర్ కావాలి. అప్పటిదాకా మీరు ప్యాడ్లు కట్టుకుని బెంచీ మీదే కూర్చోవాలి. ఈ వృత్తిలోకి వస్తానన్నవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇదే. ఇది విన్నాక కూడా వస్తామంటే మిగతాది మాట్లాడుకోవచ్చు.

ఈ ఎండాకాలం మూసీ డ్యాం దగ్గరున్న కేతేపల్లి పోయినప్పుడు ఇంటర్ చదివే ఇద్దరు పిల్లలు ఫోన్‌లో ఐస్ హాకీ వీడియోలు చూపించారు. మాస్కు పెట్టుకుని, మోకాళ్లు మంచు మీద ఆనించి, గంటకు 150 కిలోమీటర్లకు పైగా వేగంతో వచ్చే రబ్బరు బిళ్లను ఆపే గోలీలు. "అన్నా, ఇది ఉద్యోగంలెక్క చెయ్యొచ్చా?" అని అడిగారు. నేను పదేళ్లు గోల్‌కీపర్‌గా ఆడినవాణ్ని, ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాను. వాళ్లకు ఆ సాయంత్రం చెప్పినదాన్నే ఇక్కడ కొంచెం విడమరిచి రాస్తున్నాను.

ముందు మంచు సంగతి. ఉత్తర అమెరికాలోని ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లున్నాయి. మ్యాచ్‌కి జట్టుకి ఇద్దరు గోలీలు. అంటే ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద లీగ్‌లో ఈ పనికి ఉన్న కుర్చీలు 64. వాటికోసం కెనడా, అమెరికా, స్వీడన్, ఫిన్లండ్, రష్యాల్లో నాలుగేళ్ల వయసు నుంచే పిల్లలు స్కేట్లు కడతారు. అక్కడ పుట్టినవాళ్లకే దారి ఎంత పొడుగో చూడండి. టిమ్ థామస్‌ను 1994లో, కొత్త ఆటగాళ్లను జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 217వ వాడిగా తీసుకున్నారు. ఆ తర్వాత ఆయన చిన్న లీగుల్లో, ఫిన్లండ్‌లో ఏళ్ల తరబడి ఆడాడు. బోస్టన్ జట్టులో నిలదొక్కుకునేసరికి 31 ఏళ్లు దాటాయి. 2011లో కప్పు గెలిచి ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచేనాటికి 37. గోల్‌కీపర్ ఆలస్యంగా పండుతాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద దీంతో పనుంది.

మన దేశంలో ఐస్ హాకీ ఉన్నది ప్రధానంగా లద్దాఖ్‌లో, అదీ చెరువులు గడ్డకట్టే రెండు మూడు నెలలు. ఆడేవాళ్లలో చాలామంది ఆర్మీ, ఐటీబీపీ, లద్దాఖ్ స్కౌట్స్ ఉద్యోగులు. భారత మహిళల జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన నూర్ జహాన్ లేహ్‌లో పాత గోడచిత్రాలను, తంగ్‌కాలను కాపాడే కన్సర్వేషన్ పని చేస్తారు. 2025లో అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో మన అమ్మాయిలు కాంస్యం తెచ్చారు, ఆ టోర్నీలో మనకు అదే మొదటి పతకం. అంత సాధించినా అది జీతమిచ్చే వృత్తి కాలేదు. ఒక్క విషయం మాత్రం పనికొస్తుంది: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకు గుర్తించిన ఆటల జాబితాలో ఐస్ హాకీ ఉంది. సైన్యంలోనో ఐటీబీపీలోనో చేరి అటువైపు పోస్టింగ్ పడితే ప్రయత్నించండి. మూసీ డ్యాం కింద పుట్టి, మంచు కోసం ముందే చేతిలో ఉన్నది వదిలేసి పోవద్దు. మనకు దగ్గర్లో ఉన్న దారి మైదానం హాకీ. బంతి బరువు, మంచు మీది రబ్బరు బిళ్ల బరువు దాదాపు ఒక్కటే, 160 గ్రాముల అటూ ఇటూ. చెయ్యాల్సిన పనీ ఒక్కటే.

ఈ దారిలో తెలుగువాళ్లు చదవాల్సిన కెరీర్ ఇతిమర్పు రజనిది. ఒకప్పటి చిత్తూరు జిల్లా, ఇప్పటి తిరుపతి జిల్లా యర్రావారిపాలెం మండలం అమ్మాయి. వడ్రంగం పని చేసే ఇంట్లో పుట్టింది. బడిలో హాకీ పట్టి, 2009లో భారత జట్టు దాకా పోయింది. చెప్పుకోవడానికి ఇది చక్కని కథ. నేను చూడమనేది మాత్రం ఆ తర్వాతి ఏళ్లను. రజని 1990లో పుట్టింది. హర్యానాకు చెందిన సవిత పూనియా కూడా 1990లోనే పుట్టింది. ఒకే వయసు, ఒకే పని, ఒకే చోటు. సవిత వరుసగా ప్రపంచ ఉత్తమ గోల్‌కీపర్ అవార్డులు తెచ్చుకునే స్థాయికి ఎదిగింది. దాంతో రజని కెరీర్‌లో ఎక్కువ భాగం రెండో గోల్‌కీపర్‌గానే నడిచింది. 2017 ఆసియా కప్ స్వర్ణంలో, 2018 ఆసియా క్రీడల రజతంలో ఆమె జట్టు సభ్యురాలు. టోక్యో ఒలింపిక్స్‌కు మొదట ప్రకటించిన పదహారు మందిలో ఆమె లేదు, రిజర్వుల్లో ఉంది. ఆ తర్వాత జట్టుతో వెళ్లగలిగింది.

ఒలింపిక్స్ లెక్క తెలియనివాళ్లకు ఒక మాట. అక్కడ జట్టుకు పదహారు మందే. అందుకని చాలా దేశాలు ఒక్క గోల్‌కీపర్‌నే పెట్టుకుని, రెండో మనిషిని స్టాండ్‌బైగా తీసుకుపోతాయి. 2024 పారిస్‌లో పురుషుల జట్టుకు శ్రీజేష్ ఒక్కడే గోల్‌కీపర్, కృష్ణ్ బహదూర్ పాఠక్ స్టాండ్‌బై. టోక్యోలోనూ పాఠక్ స్టాండ్‌బైనే. దేశంలో రెండో అత్యుత్తమ గోల్‌కీపర్ అయ్యుండి రెండు ఒలింపిక్స్ బయట కూర్చుని చూడటం ఏ మిడ్‌ఫీల్డర్‌కీ ఎదురుకాని పరిస్థితి.

మరి రజని ఏం చేసింది? రైల్వేస్ తరఫున ఆడుతూ ఉద్యోగం నిలబెట్టుకుంది. పదేళ్లకు పైగా క్యాంపులకు ఫిట్‌గా వచ్చింది. అయిదుగురితో ఆడే హాకీ ఫైవ్స్ కొత్తగా ముందుకొచ్చినప్పుడు ఆ జట్టుకు 2022లో లొసాన్‌లో కెప్టెన్ అయింది. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన మొదటి హాకీ ఫైవ్స్ ప్రపంచ కప్‌లోనూ కెప్టెన్ ఆమే, రజతం తెచ్చింది. అప్పటికి ఆమెకు 33. అసలు ద్వారం మూసుకుపోయి ఉంటే పక్కన తెరుచుకున్నదాన్ని చిన్నచూపు చూడలేదు. నాకు ఈ కెరీర్ మీద ఉన్న గౌరవం చాలామంది స్టార్ల మీద లేదు. మీరు లెక్క వేసుకోవాల్సింది కూడా దీన్ని చూసే, శ్రీజేష్‌ను చూసి కాదు. శ్రీజేష్ కావాలనుకోండి, తప్పులేదు, ఆశ లేకుండా ఎవరూ ఎండలో ప్యాడ్లు కట్టరు. కానీ రెండో గోల్‌కీపర్‌గా మిగిలిపోయినా బతుకు నడిచేలా పునాది వేసుకోండి.

ఆ పునాది వేసుకునే వయసు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. శ్రీజేష్ 2006లో 18 ఏళ్లకు సీనియర్ జట్టులోకి వచ్చినా, నంబర్ వన్‌గా పాతుకుపోవడానికి అయిదారేళ్లు పట్టింది. 36 ఏళ్ల దాకా ఆడాడు. గోల్‌కీపర్‌కి మంచి రోజులు 27, 28 దాటాకే వస్తాయి. రైల్వే స్పోర్ట్స్ కోటాకు మాత్రం వయసు 18 నుంచి 25. అందులో సడలింపు లేదు. కేంద్రంలో వేరే కొన్ని శాఖల్లో ప్రతిభ గల క్రీడాకారులకు అయిదేళ్ల దాకా సడలింపు ఉంటుంది, కానీ రైల్వేకి ఉన్నన్ని ఖాళీలు వాటికి ఉండవు. అంటే మీ ఆట పండకముందే ఉద్యోగం తలుపు మూసుకుంటుంది.

ఒక అబ్బాయిని ఊహించుకుందాం. నకిరేకల్‌లో ఇంటర్, వయసు 17. వారానికి రెండు రోజులు హైదరాబాద్ పోయి టర్ఫ్ మీద ప్రాక్టీసు. 19కి జూనియర్ రాష్ట్ర జట్టులో రెండో గోల్‌కీపర్. 21కి సీనియర్ జట్టులో మళ్లీ రెండో గోల్‌కీపర్. "నేను ఫస్ట్ కీపర్ అయ్యాక అప్లై చేస్తా" అని ఆగుతాడు. 24కి మొదటి చోటు దొరుకుతుంది, అదే ఏడు మోకాలు తిరుగుతుంది. కోలుకునేసరికి 25 దాటిపోతుంది. ఇది కల్పితమే, కానీ ఇలాంటివాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ముగ్గురున్నారు.

అతను చెయ్యాల్సిందల్లా 19 నుంచే అప్లై చేస్తూ పోవడం. ఎందుకంటే జాతీయ టోర్నీలో జట్టుకు పతకం వస్తే బెంచీ మీది గోల్‌కీపర్‌కీ అదే పతకం, అదే సర్టిఫికెట్. దాని మీద "ఇతను ఆడలేదు" అని ఎవరూ రాయరు. బలహీనమైన జట్టులో మొదటి గోల్‌కీపర్‌గా నాలుగు మ్యాచ్‌లు ఓడి రావడం కన్నా, గట్టి యూనివర్సిటీ జట్టులో రెండో గోల్‌కీపర్‌గా ఇంటర్ యూనివర్సిటీ పతకం తేవడం కాగితం లెక్కలో మేలు. అయితే కాగితం ఒక్కటే గెలిపించదు. రైల్వేలో ట్రయల్స్‌కి 40 మార్కులు, అందులో 25 రాకపోతే మీ పతకాలు లెక్కలోకే రావు. బెంచీ మీద రెండేళ్లు కూర్చున్న గోల్‌కీపర్ ట్రయల్స్ రోజు పెనాల్టీ కార్నర్‌కి ముందుకు రావాలా లైన్ మీద ఉండాలా అని తడబడతాడు. అందుకని రాష్ట్ర జట్టులో బెంచీ మీద ఉన్నా, ఊళ్లో లీగులు, క్లబ్ మ్యాచ్‌లు, ఆఫీసు టోర్నీలు, ఏది దొరికితే అది ఆడండి. గోల్‌కీపర్ లేని జట్టు ఎప్పుడూ ఉంటుంది, ఫోన్ చేసి అడగండి. ఈ వృత్తిలో ఉన్న ఒకే ఒక్క వెసులుబాటు అది.

ఖాళీల ప్రకటన చదివే తీరు కూడా వేరు. "హాకీ: 4" అని చూసి సంబరపడొద్దు. చాలా నోటిఫికేషన్లలో పక్కనే పొజిషన్ రాస్తారు. గోల్‌కీపర్ అని ఉంటే ఒక్కటే ఉంటుంది, చాలాసార్లు అసలు ఉండదు. ఆ డిపార్ట్‌మెంట్ జట్టు గోల్‌కీపర్‌కి ఎన్నేళ్లొచ్చాయో కనుక్కోండి. 34 దాటినవాడు ఉన్నచోట వచ్చే రెండేళ్లలో ఖాళీ వస్తుంది. 26 ఏళ్లవాడు ఉన్నచోట మీ వంతు ఇప్పట్లో రాదు. ఇలా చూడటం తప్పేమీ కాదు. ఆఫీసులో పైవాడి రిటైర్మెంట్ తేదీ చూసి ప్రమోషన్ లెక్క వేసుకునేవాళ్లం, ఇదీ అంతే.

ఇక సర్టిఫికెట్లు. నేను నష్టపోయింది ఇక్కడే, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. పతకంతో పాటు చేతికిచ్చే రంగుల కాగితాన్ని నియామక కార్యాలయాలు సాధారణంగా అలాగే ఒప్పుకోవు. కేంద్రం నిర్ణయించిన నమూనాలున్నాయి. దేశం తరఫున ఆడితే ఫామ్ 1, అది జాతీయ ఫెడరేషన్ కార్యదర్శి ఇవ్వాలి. జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడితే ఫామ్ 2, రాష్ట్ర సంఘం కార్యదర్శి ఇవ్వాలి. ఇంటర్ యూనివర్సిటీకి ఫామ్ 3, జాతీయ స్కూల్ క్రీడలకు ఫామ్ 4. ఆ వరుసలోనే ప్రాధాన్యం కూడా. అంతర్జాతీయంగా ఆడినవాళ్లు ముందు, తర్వాత జాతీయ పోటీల్లో పతకం తెచ్చినవాళ్లు, ఆ తర్వాత యూనివర్సిటీ, చివర్లో స్కూల్.

నా విషయంలో ఏమైందంటే, పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఫామ్‌లో మొదటి అక్షరమే వేశారు. తండ్రి పేరులో ఒక అక్షరం తేడా. సరిచేయించుకోవడానికి సంఘం ఆఫీసుకు పోతే, సంతకం పెట్టిన కార్యదర్శి దిగిపోయారు, కొత్తాయన పాతవాటికి తాను బాధ్యుణ్ని కాదన్నారు. ఆరు వారాలు తిరిగాను. ఈలోగా సర్టిఫికెట్ల పరిశీలన తేదీ దాటిపోయింది, ఆ ఉద్యోగం పోయింది. ట్రయల్స్‌లో నేను పాసయ్యాను. ఆపిన గోల్స్ ఏవీ ఆ తేడాను పూడ్చలేదు.

కాబట్టి టోర్నీ ముగిసిన నెలలోపే ఫామ్ తీసుకోండి. మెమో జిరాక్స్ పట్టుకుపోయి, అక్షరం అక్షరం సరిచూసి, అక్కడే దిద్దించుకోండి. టోర్నీని జాతీయ ఫెడరేషన్ గుర్తించిందో లేదో ఆడకముందే తెలుసుకోండి. "ఆల్ ఇండియా" అని పేరు పెట్టుకున్న ప్రతి పోటీకీ విలువ ఉండదు. ఒకే ఆటకు రెండు సంఘాలుంటే గుర్తింపు ఉన్నది ఏదో అడగండి, గుర్తింపు లేనిదాంట్లో పతకం తెచ్చి ఏడ్చినవాళ్లను చూశాను. ఇంకొకటి: రైల్వేలో పాత విజయాలు ఎల్లకాలం చెల్లవు. నోటిఫికేషన్ వచ్చిన ఆర్థిక సంవత్సరం, దానికి ముందు రెండేళ్లవే చూస్తారు. 19 ఏళ్లప్పటి పతకం 23కి గోడకు తగిలించుకోవడానికే.

డబ్బు గురించి. హాకీ ఇండియా లీగ్ 2024లో మళ్లీ మొదలైంది, హైదరాబాద్ పేరుతో తూఫాన్స్ జట్టూ ఉంది. ఆ ఏటి వేలంలో కనీస ధరలు 2, 5, 10 లక్షలు. అన్నిటికన్నా ఎక్కువ పలికిన హర్మన్‌ప్రీత్ సింగ్ ధర 78 లక్షలు. గోల్‌కీపర్లకు అంత పలకదు. ఐర్లండ్ గోల్‌కీపర్ డేవిడ్ హార్ట్ లాంటివాడికే 32 లక్షలు వచ్చాయి. ఈ అంకెలు చూసే ముందు ఇంకో అంకె చూడండి. ఇదే లీగ్ 2013లో మొదలై 2017 తర్వాత ఆగిపోయింది. మళ్లీ మొదలవడానికి ఏడేళ్లు పట్టింది. 2017లో 22 ఏళ్ల గోల్‌కీపర్ లీగ్ డబ్బును నమ్ముకుని ఉద్యోగం వద్దనుకుని ఉంటే, లీగ్ తిరిగి వచ్చేసరికి అతనికి 29. లీగ్ డబ్బు వస్తే అప్పు తీర్చండి, ప్యాడ్లు కొనుక్కోండి, మిగిలింది బ్యాంకులో వేయండి. నెల ఖర్చులో కలపొద్దు.

ప్రభుత్వ బహుమానాలదీ అదే సంగతి. టోక్యో తర్వాత 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రజనికి 25 లక్షలు ప్రకటించింది. అప్పుడే, అంతకు ముందెప్పుడో ప్రకటించి ఆగిపోయిన ప్రోత్సాహకాలు కూడా విడుదల చేయాలని నిర్ణయించింది. సవిత పరిస్థితి ఇంకా కష్టం. 2017లో ఆసియా కప్ గెలిచి, టోర్నీ ఉత్తమ గోల్‌కీపర్‌గా ఎంపికైన రోజుల్లో కూడా తనకు ఉద్యోగం లేదని ఆమె చెప్పుకోవాల్సి వచ్చింది. దేశంలో మొదటి గోల్‌కీపర్ మాట అది. ప్రకటన చేతికొచ్చేదాకా ప్రకటనే, దాన్ని చూపి ఎవరి దగ్గరా అప్పు తేవద్దు.

సామాను ఖర్చు మీ ఇంట్లో ముందే చెప్పండి. ఫార్వర్డ్‌కి కర్ర, బూట్లు, షిన్ గార్డులు చాలు. మీకు లెగ్‌గార్డులు, కిక్కర్లు, ఛాతీ గార్డు, చేతి ప్రొటెక్టర్లు, గొంతు గార్డు, హెల్మెట్, లోపల గార్డు కావాలి. పెద్ద స్థాయిలో వాడే విదేశీ సెట్ లక్ష పైన పడుతుంది. శ్రీజేష్ ప్యాడ్ల కోసం వాళ్ల నాన్న ఆవును అమ్మిన సంగతి అందరికీ తెలుసు. మీ నాన్నతో అంత పని చేయించకండి. మొదటి రెండేళ్లు అకాడమీ సామానుతో గడపండి, తర్వాత సీనియర్లు వదిలేసిన సెట్ కొనండి. హెల్మెట్, గొంతు గార్డు మాత్రం పాతవి కొనొద్దు. పగుళ్లు పైకి కనపడవు.

దెబ్బల విషయంలో గోల్‌కీపర్లు ఎక్కువగా మోసపోయేది ప్రాక్టీసులో. 2009లో పుణెలో భారత గోల్‌కీపర్ బల్జీత్ సింగ్ చురుకుదనం కోసం గోల్ఫ్ బంతులతో ప్రాక్టీసు చేస్తుండగా బంతి కంటికి తగిలింది. చూపు దెబ్బతిని కెరీర్ అక్కడితో ఆగింది. కోచ్ చెప్పిన కొత్త డ్రిల్ ప్రమాదమనిపిస్తే అడగండి, ఆలోచించడానికి ఒక రోజు తీసుకోండి. జట్టులోంచి తీసేస్తారేమో అన్న భయం నిజమే. నేనూ ఆ భయంతోనే వేలు విరిగినా రెండు వారాలు ఆడాను, ఆ వేలు ఇప్పటికీ పూర్తిగా ముడవదు. మంచు గోలీలకు తుంటి ముందు పోతుంది. బోస్టన్‌కు ఏళ్ల తరబడి ఆడిన టూకా రాస్క్ తుంటి ఆపరేషన్ తర్వాత 2022లో తిరిగొచ్చి, నాలుగు మ్యాచ్‌లకే ఆపేశాడు. మన మైదానంలో మోకాలు, గజ్జలు. నొప్పి మొదలైన తేదీ, చూపించుకున్న డాక్టరు చీటీ, ఎక్స్‌రే దాచండి. ఉద్యోగంలో చేరాక ఆటలో తగిలిన దెబ్బ డ్యూటీలో తగిలినట్టేనని చూపించుకోవడానికి అవే ఆధారం.

నింద గురించి కూడా చెప్పాలి. కొర్లపహాడ్ టోల్ గేటు దగ్గర బూత్‌లో కూర్చునే క్యాషియర్‌ను అడగండి, అతనికి ఈ పని అర్థమవుతుంది. ఎనిమిది గంటలు సరిగ్గా చిల్లర ఇచ్చినందుకు ఎవరూ గుర్తుపెట్టుకోరు, చివర్లో రెండొందలు తక్కువైతే మాత్రం పిలుస్తారు. మీర్ రంజన్ నేగీ 1982 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో గోల్‌కీపర్. పాకిస్తాన్ 7-1తో గెలిచింది. పదకొండు మంది ఓడిన మ్యాచ్‌కి ఒక్కడు మూల్యం కట్టాడు, అమ్ముడుపోయాడని కూడా అన్నారు. ఆయన మళ్లీ భారత జట్టు దగ్గరికి గోల్‌కీపింగ్ కోచ్‌గా వచ్చి, 1998 బ్యాంకాక్ స్వర్ణంలో భాగం కావడానికి పదహారేళ్లు పట్టింది.

మీ స్థాయిలో ఇది చిన్నగా జరుగుతుంది, రోజూ జరుగుతుంది. ఒక నోటుబుక్ పెట్టుకోండి. ప్రతి మ్యాచ్ తర్వాత అదే రాత్రి రాయండి: ఎన్ని షాట్లు వచ్చాయి, ఎన్ని ఆపాను, పడిన గోల్ ఎలా పడింది, డిఫెండర్ ఎక్కడున్నాడు, నేను ఎక్కడున్నాను. మీ తప్పయితే తప్పని రాయండి. సెలెక్టర్ "నీ వల్ల ఓడాం" అన్నప్పుడు వాదించడానికి కాదు ఇది. ఆ మాట విన్న రాత్రి మీకు మీరు నిజం చెప్పుకోవడానికి. నాకు చాలాసార్లు నిద్ర పట్టించింది ఆ పుస్తకమే.

మొదటి గోల్‌కీపర్‌తో ఎలా ఉండాలన్నది చివరి సంగతి. అతని దెబ్బ కోసం ఎదురుచూసే మనిషిగా మారకండి. అది ముఖంలో కనపడుతుంది, కోచ్‌లు చూస్తారు. వామప్‌లో అతనికి షాట్లు కొట్టేది మీరే, అవతలి జట్టు డ్రాగ్ ఫ్లికర్ ఏ మూలకు కొడతాడో చూసి చెప్పేదీ మీరే. కానీ ఎప్పుడు పిలిచినా దిగేలా ఉండండి. 2020 ఫిబ్రవరి 22న టొరంటోలో ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లో కరోలినా జట్టు గోలీలిద్దరికీ దెబ్బలు తగిలితే, స్టేడియంలో మంచు చదును చేసే బండి నడిపిన అనుభవం ఉన్న 42 ఏళ్ల డేవిడ్ ఐర్స్‌ను దించారు. అతను ఎమర్జెన్సీ గోలీగా పేరు రాయించుకుని ఉన్నాడు. మొదటి రెండు షాట్లూ గోల్ అయ్యాయి. తర్వాత వచ్చిన ఎనిమిదీ ఆపాడు, జట్టు 6-3తో గెలిచింది. అతని సామాను అక్కడే ఉంది, అతను ప్రాక్టీసులో ఉన్నాడు. లేకపోతే ఆ రాత్రి వేరే ఎవరినో వెతికేవారు.

ఉద్యోగం దొరికాక రెండు పనులు వాయిదా వేయకండి. డిగ్రీ మధ్యలో ఆగి ఉంటే దూరవిద్యలో పూర్తి చేయండి. ఆట ఆపాక మీ ప్రమోషన్లు డిపార్ట్‌మెంట్ పరీక్షలతోనే వస్తాయి. రెండోది, ఆడుతూ ఉండగానే ఆఫీసు అనుమతితో పటియాలా ఎన్‌ఐఎస్ ఆరు వారాల కోచింగ్ సర్టిఫికెట్ కోర్సుకు అప్లై చేయండి. జిల్లాల్లో హాకీ కోచ్‌లు దొరుకుతారు, గోల్‌కీపర్‌కి నేర్పేవాళ్లు దొరకరు. కేతేపల్లిలో ఆ ఇద్దరు పిల్లలకు నేను వచ్చే ఆదివారం హైదరాబాద్ టర్ఫ్ దగ్గరికి పొద్దున ఆరింటికల్లా రమ్మని చెప్పాను. మెమో జిరాక్సులు కూడా పట్టుకు రమ్మన్నాను.